పది మంది అమ్మాయిలు, అయిదు జంటలు, 34 ట్రాక్టర్ల ఇసుక: మహిళా కాలేజీలో బీచ్ వాలీబాల్ మొదలుపెట్టడం ఎలా

మా కాలేజీ నుంచి కళింగపట్నం బీచ్‌కి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. నాలుగేళ్ల కిందట స్టాఫ్ మీటింగ్‌లో "మన అమ్మాయిలకి బీచ్ వాలీబాల్ టీమ్ పెడదాం" అన్నప్పుడు మొదట వచ్చిన మాట, "సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ మేడమ్?" అని. ఇప్పుడు మా సైకిల్ స్టాండ్ వెనక ఇసుక కోర్టు ఉంది. పొద్దున్న ఆరింటికల్లా అమ్మాయిలు చెప్పులు గట్టు మీద విడిచి అందులోకి దిగుతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని తోటి పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు) ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటున్నాయి కాబట్టి, మేం ఏం చేశాం, ఎక్కడ దెబ్బతిన్నాం, మీరు ఎలా మొదలుపెడితే మేలు అన్నది ఒకచోట రాస్తున్నాను.

సముద్రం సంగతి ముందు తేల్చేస్తాను. మహిళా కాలేజీ ఆటగా బీచ్ వాలీబాల్ గట్టిగా పెరిగింది అమెరికాలో. అక్కడ కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ 2010-11లో దీన్ని మహిళల కోసం కొత్తగా ఎదుగుతున్న క్రీడల జాబితాలో చేర్చింది. అప్పట్లో శాండ్ వాలీబాల్ అనేవారు. ఆ జాబితాలో ఉన్న ఆటకి కనీసం 40 కాలేజీలు టీములు పెడితే జాతీయ చాంపియన్‌షిప్ పెట్టే అవకాశం వస్తుంది. ఆ అంకె దాటడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2016 మేలో అలబామా రాష్ట్రంలోని గల్ఫ్ షోర్స్ తీరంలో మొదటి చాంపియన్‌షిప్ జరిగింది. మొదటి రెండేళ్లూ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ), తర్వాత రెండేళ్లు లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎల్ఏ), మళ్లీ 2021 నుంచి 2024 దాకా వరసగా యూఎస్‌సీ గెలిచాయి. రెండూ కాలిఫోర్నియావే, తీరం దగ్గరివే. కానీ 2025లో గెలిచింది టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ. అది ఉన్న ఫోర్ట్ వర్త్ ఊరికి సముద్రం కొన్ని వందల కిలోమీటర్ల దూరం. ఆ అమ్మాయిలు రోజూ ఆడేది క్యాంపస్‌లో పోయించుకున్న ఇసుకలోనే. నాలుగేళ్ల కిందట, వాళ్లింకా గెలవకముందే, సముద్రం లేని ఊళ్లో ఇలా ఆడుతున్నారని చెప్పాక మా ప్రిన్సిపాల్ గారు సైకిల్ స్టాండ్ వెనక స్థలం చూడ్డానికి నాతో నడిచి వచ్చారు.

అక్కడ అంత త్వరగా పెరగడానికి చట్టం ఊతం కూడా ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే చదువుల సంస్థలు ఆడ, మగ అన్న తేడాతో వివక్ష చూపకూడదని 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. దాంతో కాలేజీలు అమ్మాయిలకి ఆటల అవకాశాలు పెంచాల్సి వచ్చింది. ఒక కోర్టు, ఒక నెట్, కొన్ని బంతులతో మొదలయ్యే ఆట కాబట్టి ఇది చేతికి అందింది.

అయితే నన్ను పట్టుకున్నది మాత్రం వాళ్ల పోటీ పద్ధతి. బీచ్ వాలీబాల్‌లో ఒక్కో వైపు ఇద్దరే ఆడతారు. ఒలింపిక్స్‌లో ఒక దేశపు జంట ఇంకో దేశపు జంటతో ఆడుతుంది, అంతే. కాలేజీల పోటీలో అలా కాదు. ఒక్కో కాలేజీ నుంచి అయిదు జంటలు దిగుతాయి. ఒకటో జంట ఒకటో జంటతో, అయిదో జంట అయిదో జంటతో ఆడుతుంది. మూడు మ్యాచ్‌లు ఎవరు గెలిస్తే పోటీ వాళ్లది. ఒకటో జంట గెలుపుకీ ఒకటే పాయింటు, అయిదో జంట గెలుపుకీ ఒకటే పాయింటు. మన దగ్గర కాలేజీ టీమ్ అంటే ఇద్దరు ముగ్గురు స్టార్లు, మిగతావాళ్లు బెంచీ మీద నీళ్ల బాటిళ్లు అందించేవాళ్లు. మూడేళ్లు ప్రాక్టీసుకి వచ్చి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా డిగ్రీ అయిపోయి వెళ్లిపోయిన అమ్మాయిలు నాకు తెలుసు. అందుకే మీరు ఏం మార్చుకున్నా అయిదు జంటల్ని మాత్రం వదలకండి. ఇద్దరితో టీమ్ పెడితే ఆ ఇద్దరి డిగ్రీ అయ్యేసరికి టీమూ అయిపోతుంది.

ఇసుక

కోర్టు 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. చుట్టూ 3 మీటర్ల ఖాళీ ఉండాలి. అంటే 22 బై 14 మీటర్ల జాగా. ఇసుక లోతు కనీసం 40 సెంటీమీటర్లు, దాదాపు మోకాలి దాకా. లెక్క వేస్తే 123 ఘనపు మీటర్ల పైచిలుకు వస్తుంది. మామూలు ట్రాక్టర్ ట్రక్కులో వంద ఘనపు అడుగులు పడుతుంది కాబట్టి 44 ట్రాక్టర్లు. మాకు అంత జాగా లేదు. చుట్టూ 2 మీటర్లు వదిలి 20 బై 12 పెట్టుకున్నాం, 34 ట్రాక్టర్లు పట్టింది. ప్రాక్టీసుకి అది చాలు. ఖాళీ తగ్గించినా పరవాలేదు గానీ లోతు తగ్గించొద్దు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మొదటి ఏడాది డబ్బు చాలక గట్టి మొరం నేల మీద జానెడు ఇసుక పోయించి ఆట మొదలుపెట్టించాను. పైకి చూస్తే బీచ్‌లాగే ఉంది. రెండో వారంలో సెకండియర్ అమ్మాయి ఒకతె బంతి కోసం డైవ్ చేస్తే మోచెయ్యి ఇసుక దాటి కింద మొరానికి కొట్టుకుంది. ఎముక విరగలేదు గానీ మూడు వారాలు చెయ్యి ఎత్తలేకపోయింది. వాళ్ల అమ్మగారు కాలేజీకి వచ్చి నన్నేమీ అనలేదు, ఆ చేతిని పట్టుకుని అలా కూర్చున్నారంతే. తప్పు నాది. మిగతా ఇసుక వచ్చేదాకా ఆట ఆపేశాను. మీరూ అంతే, ఇసుక పూర్తిగా పడేదాకా బంతి బయటికి తీయకండి.

ఇసుక పోసే ముందు గొయ్యి తవ్వించాలి. గొయ్యి అడుగు ఒక వైపుకి కొంచెం వాలుగా ఉండాలి. ఆ వాలు చివర నీళ్లు పోయే పైపు, దాని మీద ఒక వరస కంకర, కంకర మీద ఇసుక దిగిపోకుండా షేడ్‌నెట్ రెండు పొరలు. మాకు మొదట ఈ పైపు లేదు. అక్టోబర్‌లో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిస్తే తొమ్మిది రోజులు కోర్టు చెరువులా ఉండిపోయింది. మన జిల్లాల్లో అక్టోబర్ అంటే ఏమిటో హుద్‌హుద్, తిత్లీ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పైపు ఖర్చు దగ్గర వెనకాడకండి.

ఏ ఇసుక అన్నది తర్వాతి మాట. నాగావళి, వంశధార మన పక్కనే ఉన్నాయి, ఏటి ఇసుకే కావాలి. రోబో శాండ్ ఎంత చవగ్గా వస్తున్నా వద్దు. రాయి పిండి చేసిన రేణువులు పదునుగా ఉంటాయి, చర్మం గీసుకుపోతుంది, పైగా తడిస్తే గట్టిపడిపోతుంది. సముద్రపు ఒడ్డు నుంచి ఎత్తి తెచ్చుకుందామని కొందరు అంటారు. తీరప్రాంత నిబంధనలు అందుకు ఒప్పుకోవు, ఒడ్డుకి కూడా అది మంచిది కాదు. తెచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. గాజు సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి బాగా కుదిపి పక్కన పెట్టండి. అరగంట తర్వాత పైన నీళ్లు తేరుకుంటే మంచిది. ఇంకా బురదగా ఉందంటే అందులో మట్టి ఎక్కువ, ఎండలో దుమ్ము లేస్తుంది, వానలో బంక అవుతుంది. మాకు ఇసుక తోలిన ఒకాయన మూడు ట్రాక్టర్లలో ఇటుక ముక్కలు, పాత గోడ పెచ్చులు కలిపి దింపేశాడు. అప్పటినుంచి ప్రతి ట్రక్కునీ దింపక ముందే చేత్తో తవ్వి చూస్తున్నాను. దింపాక మొత్తం జల్లెడ పట్టాల్సిందే. మా పిల్లలు, ఎన్ఎస్ఎస్ అమ్మాయిలు కలిసి రెండు ఆదివారాలు జల్లెడ పట్టారు. ఒక గాజు పెంకు దొరికినప్పుడల్లా అందరికీ చూపించి పక్కన డబ్బాలో వేయించాను. ఒట్టి కాళ్లతో ఆడబోయేది వాళ్లే కదా.

గొయ్యి అంచుకి సిమెంటు గట్టు కట్టించొద్దు. ఇసుక నింపిన యూరియా బస్తాలు వరసగా పేర్చండి, మీద పడ్డా దెబ్బ తగలదు. రాత్రిళ్లు కుక్కలు, పిల్లులు ఇసుకలోకి వస్తాయి కాబట్టి టార్పాలిన్ కప్పి అంచులకి బరువులు పెట్టాలి. రోజూ ఆటకి ముందు దంతెతో ఒకసారి లాగాలి. ఏడాదికోసారి, వానలకి ముందు, నాలుగైదు ట్రక్కుల ఇసుక మళ్లీ పోయాల్సి వస్తుంది.

నెట్, గీతలు, బంతి

మహిళలకి నెట్ ఎత్తు 2.24 మీటర్లు. ఇండోర్‌లోనూ అంతే. తేడా ఎక్కడంటే ఇసుక రోజూ కదులుతుంది. నిన్న సరిగ్గా ఉన్న ఎత్తు ఇవాళ నాలుగు వేళ్లు తగ్గుతుంది. ఒక వెదురు కర్రకి 2.24 దగ్గర గాటు పెట్టి కోర్టు పక్కనే ఉంచండి. మధ్యలో ఒకసారి, రెండు పక్క గీతల దగ్గర ఒక్కోసారి కొలిచాకే ఆట. నెట్ పొడవు 8.5 మీటర్లు. స్తంభాలు పక్క గీతలకి 70 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు దూరంలో ఉండాలి, చుట్టూ స్పాంజి చుట్టాలి. స్తంభాల కాంక్రీటు దిమ్మ ఇసుక కింద బాగా లోతున ఉండాలి.

గీతలకి సున్నం పనికిరాదు, పట్టీ కావాలి. 5 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. స్పోర్ట్స్ షాపులో దొరికేవి ఖరీదు ఎక్కువని నేను మంచాల నవారు కొని నీలం రంగు అద్దించాను. సరిగ్గా సరిపోయింది. నాలుగు మూలల్లో ఒక్కో చెక్క ముక్కకి సాగే తాడు కట్టి, ఆ ముక్కని ఇసుకలో పాతిపెడతాం. కాలు తగిలితే పట్టీ సాగి మళ్లీ వెనక్కి వస్తుంది, అమ్మాయి బోర్లా పడదు.

అసలు బీచ్‌లో నెట్ కట్టడం వేరే విద్య. మొదటిసారి కళింగపట్నం తీసుకెళ్లినప్పుడు ఇనప మేకులు కొట్టి తాళ్లు లాగి కట్టాం. పది సర్వీసులు కాకముందే మేకులు పైకి లేచి నెట్ వాలిపోయింది. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన కాసేపు చూసి, "మేకు ఇసకలో నిలవదమ్మా, సంచి పాతు" అన్నారు. ఆయనే లేచి వచ్చి చూపించారు. గోనె సంచిలో సగానికి ఇసుక నింపి, నడుం దగ్గర తాడు బిగించి, రెండున్నర అడుగుల గొయ్యి తీసి సంచిని అడ్డంగా పడుకోబెట్టి, తాడు కొస మాత్రం పైకి ఉంచి పూడ్చి కాలితో తొక్కారు. తర్వాత ఆ కొసని స్తంభం తాడుకి ముడేశారు. ఇద్దరు అమ్మాయిలు వేలాడినా కదల్లేదు. చిరిగిన నెట్‌ని కూడా వల అల్లే సూదితో అక్కడే కుట్టిచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు, "పిల్లల్ని ఆడించు" అన్నారు. ఒక జాగ్రత్త: తాళ్లకి రంగు గుడ్డ పీలికలు కట్టండి, పరుగులో తాడు కనపడదు.

ఇండోర్ బంతితో ఇసుకలో ఆడించకండి. బీచ్ బంతిలో గాలి చాలా తక్కువ, చదరపు సెంటీమీటరుకి 0.175 నుంచి 0.225 కిలోలు. ఇండోర్ బంతిలో 0.30 పైన ఉంటుంది. గాలి కొలిచే గేజ్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు. ఎండలో పెట్టిన బంతి ఉబ్బుతుంది, కాబట్టి నీడలో ఉంచి ఆటకి ముందు కొలవాలి. అయిదు జంటలకి కనీసం ఆరు బంతులుంటే ప్రాక్టీసు ఆగకుండా నడుస్తుంది.

ఎవర్ని తీసుకోవాలి

పొడుగు చూసి తీసుకోవద్దు. ఇండోర్‌లో ఆరుగురు కలిసి పంచుకునే పనంతా ఇక్కడ ఇద్దరే చేయాలి. సర్వీసు, రిసీవింగ్, లిఫ్ట్ (స్మాష్‌కి బంతి లేపి ఇవ్వడం), స్మాష్, బ్లాక్ (నెట్ దగ్గర చేతులెత్తి బంతిని ఆపడం), వెనక బంతి ఎత్తడం అన్నీ ఇద్దరికీ రావాలి. పొట్టిగా ఉందని వెనకే నిలబెట్టిన అమ్మాయి ఇక్కడ స్మాష్ కొట్టడం నేర్చుకుంటుంది. నేను మొదటి జట్టుని ముగ్గురు వాలీబాల్ ప్లేయర్లు, ఇద్దరు కబడ్డీ, ఇద్దరు ఖోఖో, తీర గ్రామాల నుంచి వచ్చే ముగ్గురితో కట్టాను. ఆ ముగ్గురూ అంతకుముందు ఏ ఆటా ఆడలేదు. కానీ ఇసుక మీద వాళ్ల నడక చూడాలి. మిగతావాళ్లు పది నిమిషాలకే రొప్పుతూ "కాలు దిగిపోతంది మేడమ్" అంటుంటే వీళ్లు మామూలుగా తిరిగేవారు.

తల్లిదండ్రులు ఒప్పుకోవడం దగ్గరే చాలా జట్లు ఆగిపోతాయి. వాళ్ల మొదటి భయం బట్టలు. టీవీలో చూసిన బీచ్ వాలీబాల్ బట్టలు గుర్తొచ్చి వద్దంటారు. ఇక్కడ నేను చెప్పే సంగతి ఒకటుంది. అంతర్జాతీయ నియమాల్లోనే చేతులు, కాళ్లు పూర్తిగా కప్పుకుని ఆడే వీలుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈజిప్టు జంట దోవా ఎల్‌ఘొబాషీ, నదా మెవాద్ పొడుగు చేతుల టీషర్టులు, నిండు లెగ్గింగ్‌లతో ఆడారు, దోవా తలకి హిజాబ్ కూడా కట్టుకుంది. ఆ ఫొటో నా ఫోన్‌లో ఉంటుంది. మా అమ్మాయిలది నిండు టీషర్టు, లెగ్గింగ్. ఎవరికి షార్ట్ సౌకర్యంగా ఉంటే వాళ్లు అది వేసుకుంటారు. జంటలో ఇద్దరూ మాట్లాడుకుని ఒకలాగే వేసుకోవాలని మాత్రం చెబుతాను.

రెండో భయం బస్సు. సాయంత్రం ప్రాక్టీసు పెడితే ఆఖరి బస్సు పోతుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అందుకే పొద్దున్నే పెట్టాను, ఆరు నుంచి ఏడున్నర. హాస్టల్ అమ్మాయిలు, దగ్గర ఊళ్లవాళ్లు అప్పుడు వస్తారు. దూరం నుంచి వచ్చే నలుగురికి ఆటల పీరియడ్‌లో వారానికి మూడు రోజులు. ఎండ పెరిగాక ఇసుకలో దింపొద్దు, అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. తప్పదంటే మందపాటి సాక్సులు వేయించండి. కోర్టు దగ్గర టాయిలెట్, బట్టలు మార్చుకునే గది, ప్యాడ్లు ఉండాలి. ఇవి లేకుండా అమ్మాయిలు ఎందుకు మానేస్తున్నారో అర్థం కావట్లేదంటే నేను ఒప్పుకోను. ప్రాక్టీసు అయ్యాక మేం ఉప్పు వేసిన మజ్జిగ, చోడి అంబలి ఇస్తాం, క్యాంటీన్ ఆవిడ పొద్దున్నే కాచి పెడుతుంది.

ఇళ్లకి వెళ్లి మాట్లాడేటప్పుడు కరణం మల్లీశ్వరి పేరు నాకు చాలా సాయం చేస్తుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది, మన దేశంలో ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి మహిళ. ఆ ఊరు వాళ్లకి తెలుసు, ఆ దారిలో ఆటో ఎక్కి తిరిగినవాళ్లే. పెద్దగా చెప్పాల్సిన పని ఉండదు.

నేర్పేటప్పుడు

నియమాల్లో ఇండోర్ వాళ్లు తడబడే చోట్లు ముందే చెప్పేయండి. బ్లాక్‌కి తగిలిన బంతి కూడా మూడు టచ్‌ల్లో ఒకటి, తర్వాత రెండే మిగులుతాయి. అరచెయ్యి విప్పి వేళ్లతో ప్లేసింగ్ (బంతిని మెల్లగా ఖాళీ చోటికి వేయడం) చేయకూడదు, మెటికలతోనో పిడికిలితోనో తొయ్యాలి. తల పైన వేళ్లతో లిఫ్ట్ ఇచ్చేటప్పుడు రెండు చేతులకీ బంతి ఒకేసారి తగలాలి, ఏమాత్రం తేడా వచ్చినా ఫౌల్ ఇస్తారు. అందుకని మొదటి ఆర్నెల్లూ అండర్‌హ్యాండ్‌తోనే లిఫ్ట్ ఇవ్వడం నేర్పాను. సెట్ 21 పాయింట్లు, మూడో సెట్ 15, రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. రెండు జంటల పాయింట్లూ కలిపి, మొదటి రెండు సెట్లలో ప్రతి 7 పాయింట్లకీ, మూడో సెట్‌లో ప్రతి 5 పాయింట్లకీ వైపులు మారాలి. గాలి, ఎండ ఒకరికే అనుకూలం కాకుండా ఈ ఏర్పాటు.

స్మాష్‌కి ఇండోర్‌లోలాగా పరుగెత్తి ముందుకి దూకితే ఇసుకలో బలం దిగిపోతుంది. అడుగులు చిన్నవిగా, ఆఖరి రెండు అడుగులు త్వరగా, దూకడం నిటారుగా పైకి. మొదటి నెల బంతి లేకుండా ఇదొక్కటే చేయించండి. రిసీవింగ్ బంతి నెట్‌కి అతికించినట్టు వెళ్లకూడదు. తన ముందు, కోర్టు మధ్యకి, ఎత్తుగా లేపితే జంట అమ్మాయి ఇసుకలో అక్కడికి చేరుకునే టైమ్ ఉంటుంది.

వీటన్నిటికంటే నాకు కష్టమైంది నోరు విప్పించడం. మొదటి నెలలో ఒక రోజు సర్వీసు సరిగ్గా ఇద్దరి మధ్యకి వచ్చింది. ఇద్దరూ బంతిని చూశారు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, బంతి ఇద్దరి మధ్య ఇసుకలో దబ్బున పడింది. మళ్లీ వేయించాను, మళ్లీ అంతే. "ఏమ్మా, 'నాది' అనడానికి ఏమైంది?" అని అడిగితే ఒకతె తలొంచుకుని, "తను పెద్దది కదా మేడమ్, తనే తీసుకుంటుందనుకున్నాను" అంది. రెండోది, "నాది అంటే తనకి కోపమొస్తదేమో అని" అంది. ఆ రోజు బంతులు పక్కన పెట్టేశాను. ఇద్దర్నీ కోర్టులో నిలబెట్టి, నేను వేలితో ఎటు చూపిస్తే అటువైపు అమ్మాయి "నాది!" అని సైకిల్ స్టాండ్ దాకా వినపడేలా అరవాలి. మొదట గొంతు పెగల్లేదు. పదిహేను నిమిషాలు గడిచాక పైఅంతస్తులో క్లాసు చెబుతున్న లెక్చరర్ కిటికీలోంచి తొంగి చూశారు. అప్పటినుంచి మా దగ్గర ఒకటే నియమం: చప్పుడు చేయకుండా ఎత్తిన బంతి మంచి బంతి అయినా పాయింటు అవతలివాళ్లకి. మూడు వారాల్లో మాట వచ్చేసింది. మీరు ఈ లేఖలోంచి ఒక్కటే పని తీసుకోదలిస్తే ఇది తీసుకోండి.

మాట వచ్చాక చేతి సైగలు. సర్వీసుకి ముందు బ్లాక్ చేసే అమ్మాయి వీపు వెనక చెయ్యి పెట్టి, ఒక వేలు చూపిస్తే గీత వెంబడి వచ్చే బంతిని ఆపుతాను, రెండు వేళ్లయితే అడ్డంగా వచ్చేదాన్ని ఆపుతాను, పిడికిలి అయితే బ్లాక్‌కి వెళ్లను అని. ఎడమ చెయ్యి ఎడమవైపు ప్లేయర్ గురించి, కుడి చెయ్యి కుడివైపు ప్లేయర్ గురించి.

జంటలు కట్టడానికి తొందరపడకండి. నేను రెండు నెలలు ప్రతి వారం జంటలు మార్చి ఆడించి, ఎవరితో ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో నోటు పుస్తకంలో రాశాను. స్నేహితురాళ్లు కలిసే ఆడతామంటారు, కొన్నిసార్లు కుదురుతుంది, కొన్నిసార్లు ఒకరి తప్పుని ఇంకొకరు చెప్పలేక ఇద్దరూ నష్టపోతారు. యూఎస్‌సీలో కాలేజీ జంటగా ఆడిన సారా హ్యూస్, కెల్లీ చెంగ్ తర్వాత విడివిడిగా వేరేవాళ్లతో ఆడి, మళ్లీ కలిసి 2023లో మెక్సికోలో ప్రపంచ చాంపియన్లయ్యారు. ఈ కథ చెబితే జంట మార్చినప్పుడు మా పిల్లలు ఏడవడం తగ్గింది.

పోటీ పెట్టడం

టీమ్ ఉండి మ్యాచ్ లేకపోతే రెండో ఏడాదికి ఎవరూ మిగలరు. యూనివర్సిటీ క్యాలెండర్‌లో మీ ఆట ఎప్పుడు ఉందో స్పోర్ట్స్ బోర్డులో జూన్‌లోనే కనుక్కోండి. మా వైపు కాలేజీలకైతే ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ. దేశంలోనూ దారి పడుతోంది, 2025 మేలో దీవ్‌లో జరిగిన మొదటి ఖేలో ఇండియా బీచ్ గేమ్స్‌లో బీచ్ వాలీబాల్ ఉంది. కానీ అవి ఏడాదికోసారి వచ్చేవి. నెలకో మ్యాచ్ కావాలంటే మనమే పెట్టుకోవాలి.

పక్క కాలేజీ పీడీకి ఫోన్ చేసి అయిదు జంటల పోటీకి పిలవండి. ఒక మ్యాచ్‌కి ముప్పావు గంట వేసుకున్నా, ఒకే కోర్టు మీద అయిదు మ్యాచ్‌లు నాలుగు గంటలు పడుతుంది. ఎండ పడకముందే అయిపోవాలంటే ఒక్కో మ్యాచ్‌కి 21 పాయింట్ల ఒకే సెట్ పెట్టండి, లేదా శనివారం మూడు, ఆదివారం రెండు. వాళ్లకి అయిదు జంటలు లేకపోతే మూడు జంటలతో ఆడండి, తర్వాతి ఏడాదికి అయిదు చేసుకుంటారు. జంటల్ని బలం వరసలోనే దించాలని ముందే మాట తీసుకోండి. బలమైన జంటని కావాలని అయిదో స్థానంలో దాచడం మొదలైతే ఆట చెడిపోతుంది.

గత డిసెంబర్‌లో కళింగపట్నంలో విజయనగరం జిల్లా కాలేజీ ఒకదానితో ఆడాం. మా ఒకటో జంట ఓడిపోయింది. రెండు, మూడు గెలిచాయి. నాలుగు ఓడింది. ఇక అయిదో జంట. ఆ ఇద్దరిలో ఒకతె "తను పెద్దది కదా" అన్న అమ్మాయే. అప్పటికి పదిన్నర అయింది. పొద్దున్న నేల మీది నుంచి సముద్రం వైపు వీచిన గాలి తిరిగి సముద్రం మీది నుంచి మొదలైంది. సముద్రానికి ఎదురుగా నిలబడి కొట్టే సర్వీసు గాలికి తట్టుకుని ముందే దిగిపోతుంది, కాబట్టి గట్టిగా లోతుకి కొట్టొచ్చు. వీపు మీద గాలి ఉంటే బంతి బయటికి పోతుంది, తక్కువ ఎత్తులో మెల్లగా వేయాలి. టాస్ గెలిచినప్పుడు సర్వీసు కాకుండా వైపు కోరుకోమని నేను చెప్పేది ఇందుకే. 20-19 దగ్గర బంతి ఇద్దరి మధ్యకే వచ్చింది. "నాది!" అన్న అరుపు లైట్‌హౌస్ దాకా వినపడి ఉంటుంది. అరిచింది ఆ అమ్మాయే. బంతి ఎత్తింది, జంట అమ్మాయి లిఫ్ట్ ఇచ్చింది, తనే వెళ్లి మెటికలతో వెనక మూలకి తోసింది. 21-19. మా ఒకటో జంట అమ్మాయిలు ఇద్దరూ అందరికంటే ముందు కోర్టులోకి పరుగెత్తి వాళ్లని ఎత్తుకున్నారు.

బీచ్‌కి వెళ్లేవాళ్లకి ఇంకొక్క సంగతి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో ఒడ్డున కంచె వేసిన చోట, గుర్తు పాతిన చోట గొయ్యి తవ్వకండి, ముందుగా అటవీ సిబ్బందిని అడిగి చోటు ఎంచుకోండి. చీకటి పడ్డాక లైట్లు పెట్టి ఆడించొద్దు. గోతులు అలాగే వదిలేస్తే రాత్రి వచ్చే తాబేలు, నీళ్ల వైపు పాకే పిల్లలు అందులో పడిపోతాయి. పడవలు లాగే దారికి అడ్డం లేకుండా కోర్టు వేయాలి. ఆట అయ్యాక సంచులు తవ్వి తీసి, ఇసుక అక్కడే గుమ్మరించి, గోతులు పూడ్చి, నవారు చుట్టుకుని బయలుదేరాలి. ఎన్ని సంచులు పాతామో స్కోరు షీటు వెనక రాసుకుంటాం. ఆ రోజు నాలుగు పాతాం. బస్సు ఎక్కే ముందు అయిదో జంట అమ్మాయిలే లెక్కపెట్టి, నాలుగూ తీశామని సంతకం పెట్టారు.